చప్పట్లు కొట్టకూడని సభ

2023లో, శివరాత్రి వెళ్లి వారం తిరగకముందే, కర్నూలులో మా ఇంటికి హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో లావుపాటి ఫైలు. పేరు మేఘన, ఒక హిందీ సినిమాకు అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేస్తోంది. గడప దగ్గర చెప్పులు విప్పి, కుర్చీ వేస్తున్నా వినకుండా చాప మీదే కూర్చుంది.

"మేడమ్, మాకు ఆరువందల మంది కావాలి. సగం మంది ఆడవాళ్లు. సరోజమ్మ తప్ప ఇంకెవరూ తేలేరని టీ కొట్టాయన చెప్పాడు" అంది. నా పనికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

నా పనేమిటో ముందు చెప్పాలి. రాజకీయ సభలకు జనాన్ని తీసుకురావడం నా పని. పేపర్లలో దీన్ని జనసమీకరణ అని రాస్తారు. మేము తోలడం అంటాం. గొర్రెలను తోలినట్టు అని ఎవరైనా వెక్కిరిస్తే నాకు ఒళ్లు మండేది కానీ, మా మాట కూడా అదే కదా. పొదుపు సంఘానికి లీడరుగా ఉన్నప్పుడు ఎవరో మీటింగుకు నలభై మందిని పంపమన్నారు, పంపాను. ఆ నలభై రెండువందలైంది, రెండువందలు రెండువేలైంది. ఏ పార్టీకి తోలావని అడగొద్దు. పిలిచినవాళ్లందరికీ తోలాను.

ఇదేమీ నోటిమాటతో అయ్యే పని కాదు. బండి ఆగి జనం ఎక్కే చోటును పాయింట్ అంటాం. ప్రతి బండికీ ఒక ఆడమనిషి లీడరు. ఎక్కినవాళ్లు మళ్లీ ఇంటిదగ్గర దిగేదాకా ఆమెదే పూచీ. సభ దగ్గర దిగేటప్పుడు నిర్వాహకుల మనిషి తలలు లెక్కపెడతాడు, దాన్ని కౌంట్ అంటారు. ఆడవాళ్లను ఎప్పుడూ ముందు కూర్చోబెట్టాలి. మగవాళ్లు ముందుంటే బీడీ పేరు చెప్పి ఒక్కొక్కరే జారుకుంటారు, కెమెరాలో ఖాళీ కుర్చీలు కనిపిస్తాయి. ఇక చప్పట్లు. నాయకుడు ఒక వాక్యం చెప్పి ఆగితే అది చప్పట్ల కోసం ఆగినట్టు. మా ఆడవాళ్లకు ఎవరూ సైగ చేయనక్కర్లేదు. ఆ ఆగడం ఎక్కడ వస్తుందో మాట్లాడేవాడికంటే వాళ్లకే ముందు తెలుస్తుంది.

ఆ సినిమా, యుద్ధం రోజుల్లో దేశాన్ని నడిపిన ఒక నాయకుడి జీవితకథ. ఆయన పేరు బయట చెప్పనని ఆ రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టాను. సినిమా వచ్చి వెళ్లిపోయినా, పెట్టిన సంతకం సంతకమే కాబట్టి ఇక్కడా రాయడం లేదు. మా ఊళ్లో తీయాల్సింది ఒక్క సీను. సరిహద్దులో యుద్ధం జరుగుతోంది. నాయకుడు ఒక చిన్న పట్నంలో సభ పెట్టి, సైన్యానికి మీ చేతనైనంత ఇవ్వండి అని అడుగుతాడు. జనంలోంచి ఒక ఆడమనిషి లేచి ఏదో ఇస్తుంది. తుంగభద్ర ఒడ్డున పాత రాతి బంగళా ముందున్న మైదానానికి ఒక్క రోజుకే పర్మిషన్ దొరికింది. నాయకుడి వేషం వేసే పెద్ద నటుడు కూడా ఆ ఒక్క రోజుకే వస్తున్నాడు. సాయంత్రం వెలుతురు పోయేలోపు సీను కాకపోతే దాన్ని సినిమాలోంచి ఎత్తేస్తామని మేఘన చెప్పింది.

"మా వాళ్లకు సభలు కొత్త కాదులేమ్మా. ఒక్క టేకులో అయిపోతుంది" అన్నాను. టేకు అనే మాట నేర్చుకొని అరగంట కాలేదు, అప్పుడే వాడేశాను.

ఇంకో మాట కూడా తీసుకున్నాను. మా ఆడవాళ్లకు ఇబ్బందిగా ఉండే పని ఏదీ చేయించనంటేనే తెస్తానన్నాను. మేఘన సరేనని ఫైల్లో రాసుకుంది.

ఆ రోజు తెల్లారి ఆరుకే పద్నాలుగు బండ్లు దిగాయి. కాస్ట్యూమ్ వాళ్లు ఆడవాళ్లకు నేత చీరలు, మట్టిగాజులు ఇచ్చి, ఫోన్లు, వాచీలు తీసి సంచుల్లో వేయించారు. ఒకమ్మాయి వరసగా అందరికీ కుంకుమబొట్లు పెట్టుకుంటూ పోయింది. నేను లిస్టు చూసుకుంటూ వెనకే నడుస్తున్నాను. ఈశ్వరమ్మ దగ్గరికి వచ్చేసరికి నా కాలు ఆగింది.

ఈశ్వరమ్మది మా పక్క వీధి. నాకంటే ఆరేడేండ్లు పెద్ద. ఉల్లిగడ్డల మార్కెట్‌లో గడ్డలు ఏరే పనికి పోతుంది. ఆమె భర్త బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల గనిలో రాయి మీదపడి చనిపోయాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేండ్లు. అప్పటినుంచి బొట్టు లేని ఆ ముఖమే నాకు తెలుసు. ఆ అమ్మాయికి అదేమీ తెలియదు కదా, అందరికీ పెట్టినట్టే ఆమెకూ పెట్టేసింది. ఈశ్వరమ్మ ముఖం పక్కకు తిప్పుకోలేదు, చెరుపుకోనూ లేదు. గాజుల చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నేను చూడనట్టు ముందుకు పోయాను.

పదింటికి మొదటి టేకు. నటుడు వేదిక ఎక్కాడు. సన్నటి మనిషి, మేకప్‌తో ముసలితనం తెప్పించారు. మైకు ముందు నిలబడి హిందీలో మొదలుపెట్టాడు. మా కర్నూలు వాళ్లకు హిందీ అర్థం కాకపోవడం ఉండదు, ఇంటిపక్కన ఉర్దూ వింటూ పెరిగినవాళ్లమే. 'ఈ రాత్రి సరిహద్దులో మన పిల్లలు మేలుకొని ఉన్నారు' అని ఆయన ఒక్క క్షణం ఆగాడు.

ఆరువందల మందీ ఫెళ్లుమని చప్పట్లు కొట్టారు. వెనకనుంచి రెండు ఈలలు వినిపించాయి. మధ్యలోంచి ఒక గొంతు అలవాటు కొద్దీ "కాబోయే ముఖ్యమంత్రి జిందాబాద్" అని లేచింది. వేదిక మీద ఉన్నది ఏకంగా దేశాన్నే ఏలేవాడు.

డైరెక్టరు నవ్వలేదు. బొంబాయి మనిషి, నెమ్మదస్తుడు. నన్ను పక్కకు పిలిచి, లాప్‌టాప్‌లో ఆ నాయకుడి సభల పాత ఫొటోలు చూపించాడు. "వీళ్లను చూడండమ్మా. ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు. వింటున్నారు. నాకు ఇది కావాలి" అన్నాడు హిందీలో.

నేను మైకు తీసుకొని, "ఎవరూ చప్పట్లు కొట్టగూడదు, ఈలేయగూడదు, గమ్మున కూసోండి" అని అరిచాను. రెండో టేకులో మూడువందల మంది చప్పట్లు కొట్టి, మధ్యలో గుర్తొచ్చి ఆపేశారు. మూడో టేకు బాగా పోతుండగా పక్కన నీళ్ల ప్యాకెట్ల ఆటో వచ్చి ఆగింది. సభలో నీళ్ల ఆటో కనిపిస్తే లేచి పరిగెత్తకపోతే మనకు దొరకవు. నలభై మంది లేచారు. నాలుగో టేకులో ఆయన ముగింపు మాటలకు రాగానే వెనక వరసల వాళ్లు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. సభ ముగిసేదాకా ఉంటే బండిలో సీటు ఉండదు కాబట్టి ఒక అయిదు నిమిషాల ముందే కదలడం మావాళ్లకు అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే. ముందు నిండిన బండి ముందు పోతుందని నేనే చెప్పేదాన్ని.

అయిదో టేకులో ఎవరూ కదల్లేదు, చప్పుడు చేయలేదు. ఆస్పత్రిలో చీటీ పట్టుకొని వంతు కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు. అయ్యిందనుకొని నేను ఊపిరి పీల్చుకున్నాను. డైరెక్టరు తల అడ్డంగా ఊపాడు. "గమ్మున ఉన్నారు. కానీ వినడం లేదు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. మనుషులు వింటున్నారో లేదో నేనెట్లా చూడాలి? నా పనిలో ఎన్నడూ ఎవరూ అది అడగలేదు. ఎంతమంది వచ్చారని అడిగారు, ముందు వరసలో ఎవరున్నారని అడిగారు, జెండాలు పట్టుకున్నారా అని అడిగారు. విన్నారా అని ఒక్క నాయకుడైనా అడిగుంటే నాకు తెలిసుండేది.

అన్నాల తర్వాత, జనం షాట్ మళ్లీ చూద్దామని, ముందు ఆ ఇచ్చే ఆడమనిషి షాట్ తీస్తామన్నారు. మేఘన ముందు వరసలోంచి లక్ష్మీదేవి అనే ఆమెను ఎంచుకుంది. చేయాల్సింది వివరంగా చెప్పింది. లేచి నిలబడాలి, వేదిక దగ్గరికి నడవాలి, మెడలో తాళి తీసి పళ్లెంలో పెట్టాలి.

లక్ష్మీదేవి రెండు చేతులతో మెడ పట్టుకుంది. "నేను తీయను" అంది.

"మీది కాదమ్మా, ఇది గిల్టుది. మేం కడతాం, మీరు తీస్తారు" అని మేఘన పసుపుతాడుకు కట్టిన పుస్తెలు చూపించింది.

"గిల్టుదైతే ఏందిమ్మా? మెడలో పడినాక అది తాళే. నా మొగుడు బతికుండంగ నేనెందుకు తీయల్ల?"

పక్కనామెను అడిగారు, ఆమె అసలు లేవనే లేదు. వరసంతా అంతే. కొంతమంది కొంగులు మెడచుట్టూ బిగించుకున్నారు. నేను మేఘన మీద ఎగిరాను. ఇబ్బంది పెట్టే పని ఉండదని మాట తీసుకున్నానా లేదా అని అడిగాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. తాళి సంగతి అంత పట్టింపని తెలియదని, స్క్రిప్టు రాసింది బొంబాయి వాళ్లని చెప్పింది. కమ్మలో గాజులో ఇప్పించమని చెప్పాను. డైరెక్టరు ఒప్పుకోలేదు. "గాజులు ఎవరైనా ఇస్తారు. ఇవ్వలేనిది ఇస్తేనే కదా సీను" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన మాటలో తప్పేమీ లేదు, అందుకే ఇంకా ఒళ్లు మండింది.

మూడున్నర అయింది. బంగళా నీడ మైదానం మీదికి వస్తోంది. అప్పుడు మూడో వరసలోంచి ఈశ్వరమ్మ లేచింది.

"నేను తీస్తా పాప" అంది మేఘనతో.

మేఘన సంతోషంగా పుస్తెలతాడు తీసుకొని ఆమె దగ్గరికి పోబోయింది. నేను గబగబా పోయి మధ్యలో నిలబడ్డాను. "ఆమె వద్దు. ఆమెకు మొగుడు లేడు. పోయి శానా ఏండ్లయింది. ఆమెకు కట్టగూడదు" అన్నాను.

అందరూ వినేటట్టే అన్నాను. నేను చేస్తున్నది మంచిపనే అనుకున్నాను. ఆమె పరువు కాపాడుతున్నానని నా మనసులో ఉంది. నా మాట వినగానే ముందు వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఆమె నుదుటి బొట్టును అప్పుడే చూసినట్టు అందరూ చూశారు. 'అరిష్టం' అని ఎవరో గొణిగారు.

బండి లీడర్లలో ఒకామె, ఖైరూన్‌బీ, ఆ గొణిగినామె వైపు తిరిగింది. "సినిమాలో సచ్చినోడు ఇంటికి పోయి అన్నం తింటాడు. ఈడ తాళి కడితే యాడ అరిష్టమొస్తాది? గమ్మునుండు మే" అంది.

ఈశ్వరమ్మ వాళ్లెవరినీ చూడలేదు. నా వైపే చూసింది.

"నన్నడిగితివా సరోజా?" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏమడగల్ల?"

"వద్దని నేను చెప్పినానా? నువ్వే చెప్పేస్తాండావు. నన్నడిగితివా?"

"నీ మంచికే గదా..."

"అందరూ నా మంచికే చేసినారు" అంది. గొంతు పెంచలేదు. "ఆయన పోయిన పదకొండో దినం మా వదినోళ్లు ఇద్దరు నా చేతులు రెండూ ఎనక్కి పట్టుకున్యారు. ఒక ముసలామె తెంపింది. వద్దంటి. ఇంకా రెండు దినాలుండనీయండి అంటి. ఎవరూ ఇనలా. నా మెడలోది, నా చేత్తో నేను తీయలేదు సరోజా. ఈ పొద్దు తీస్తా. గిల్టుదైనా కానీ."

నేను పక్కకు జరిగాను. ఆ క్షణంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ఇన్నేండ్లలో ఆమెను ఎన్ని సభలకు తోలానో నాకే లెక్క తెలియదు. ఏ రోజూ వస్తావా అని అడగలేదు. బండి లీడరుకు చెప్పేదాన్ని, పేరు రాసేదాన్ని, ఆమె వచ్చి ఎక్కేది. అంతే.

మేఘన ఆమె మెడలో పుస్తెలతాడు వేసి, వెనక ముడి వేసింది. ఈశ్వరమ్మ కళ్లు మూసుకొని నిలబడి, ముడి పడ్డాక ఆ పుస్తెలను చేత్తో ఒకసారి తడిమి చూసుకొని తన చోట కూర్చుంది.

కెమెరాలు తిరిగాయి, ఒకటి జనం వైపు కూడా. నటుడు తన మాటలు చెప్పి ఆగాడు. ఈశ్వరమ్మ లేచి నడిచింది. వేదిక దగ్గర నిలబడి చేతులు మెడ వెనక్కి పోనిచ్చింది. మేఘన ముడి గట్టిగా వేసినట్టుంది, రాలేదు. స్క్రిప్టులో తలమీదుగా తీసి పెట్టేయాలనే ఉంది. ఆమె అట్లా తీయలేదు. వేళ్లతో ఆ ముడిని వెతికి, కొద్దికొద్దిగా వదులు చేస్తూ నిలబడింది. ఉల్లిగడ్డలు ఏరి మొద్దుబారిన వేళ్లు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. ఎవరూ కట్ అనలేదు.

అప్పుడు నాకు తోచి జనం వైపు చూశాను. ఆరువందల మందీ ఆమె చేతులనే చూస్తున్నారు. లక్ష్మీదేవి కళ్లు తుడుచుకుంటోంది. వెనక వరసల్లో మగవాళ్లు కూడా మెడలు చాచి చూస్తున్నారు. నీళ్ల ఆటో మళ్లీ వచ్చి ఆగింది, ఒక్క తల అటు తిరగలేదు. నా ఇన్నేండ్ల పనిలో అట్లాంటి జనాన్ని నేను ఏ సభలోనూ చూడలేదు, అందులో నేను చేసింది ఏమీ లేదు.

ముడి వీడింది. ఈశ్వరమ్మ ఏడవలేదు. తాడును అరచేతిలో చుట్టగా చుట్టి, పళ్లెంలో పెట్టి, వెనక్కి తిరిగి తన చోటుకు నడిచి కూర్చుంది. తర్వాత నటుడు రెండు వాక్యాలు చెప్పాలి. ఆయన వేదిక మీదనుంచి ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు, మాటలు మర్చిపోయాడని అందరికీ తెలిసింది. చాలాసేపటికి డైరెక్టరు కట్ అన్నాడు. ఇంకో టేకు అడగలేదు.

ప్రాప్స్ అమ్మాయి వచ్చి పళ్లెంలో వస్తువులు లెక్క చూసుకొని తీసుకుపోయింది. సామాన్ల పెట్టెలో ఆ పుస్తెలు మిగతా గిల్టు నగల్లో కలిసిపోయాయి. ఈశ్వరమ్మ బొట్టు చెరుపుకోకుండానే బండెక్కింది. ఆమె దిగేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేదు. "కాళ్లు నొస్తాండాయి సరోజా, పొద్దుననుంచి కూసోని" అని ఆమే ఏదో మాట కలిపింది.

సినిమా మరుసటి ఏడాది మా ఊరి థియేటరుకు వచ్చింది. మేమొక ఇరవై మందిమి పోయాం. సీను అంతా కలిపి నిమిషం లేదు. జనం నిశ్శబ్దంగా కనిపించారు, నటుడు ఆగిపోవడం కూడా అట్లాగే ఉంచారు. ఈశ్వరమ్మ ముఖం మాత్రం లేదు. మెడ వెనకనుంచి తీసిన షాట్, ముడి విప్పుతున్న వేళ్లు, పళ్లెంలో తాడు, అంతే. నాకు ఉసూరుమనిపించింది. బయటికి వచ్చాక, "నీ ముఖం చూపియ్యలేదు గదక్కా" అన్నాను. మామూలుగా పేరు పెట్టి పిలిచేదాన్ని, ఆ రోజు అక్కా అని ఎందుకు వచ్చిందో వచ్చింది.

"ముఖంతో ఏం పని? చేతులు నావే గదా" అంది.

ఈ వృత్తి మీద నాకున్న అభిప్రాయం పెద్దగా మారలేదు. సభలుంటాయి, జనం కావాలి, ఎవరో ఒకరు తోలాలి. కానీ మనుషులను లెక్కపెట్టడం, లిస్టు రాయడం బాగా వచ్చినదానికి, వాళ్ల తరఫున మాట్లాడటం కూడా వచ్చేస్తుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. మంచికే మాట్లాడినా అది మనిషి నోరు మూయడమే అవుతుందని ఆ మైదానంలో తెలిసింది. నా వయసుకు అది ఆలస్యంగా తెలిసిందనే చెప్పాలి.

సినిమా చూసిన రెండు నెలలకు ఒక పెద్ద సభ తగిలింది. లిస్టు రాసి బండి లీడర్లకు ఇచ్చేయకుండా, మా వీధి వరకైనా నేనే ఇంటింటికీ పోయి వస్తారా అని అడిగాను. కొందరు నవ్వారు, కొందరు ఏమైందమ్మా నీకని అడిగారు. ఈశ్వరమ్మ వాకిట్లో చేట పెట్టుకొని బియ్యం ఏరుతోంది.

"శుక్రవారం సభ ఉండాది. వస్తావా అక్కా?" అన్నాను.

ఆమె ఏరడం ఆపి కాసేపు ఆలోచించింది. అడిగినందుకు మర్యాదకు కాదు, నిజంగానే ఆలోచించింది.

"రాను సరోజా" అంది.

కారణం నేను అడగలేదు. లిస్టులో ఆమె పేరు కొట్టేసి, ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి, పక్కింటి తలుపు తట్టాను.